మామగారి వెనక నడిచిన ఎండాకాలం

ఆ ఎండాకాలమంతా నేను నా సొంత ఇంట్లోనే దొంగలా బతికాను. వంటింటి వెనక తలుపు నుంచి వచ్చేవాణ్ణి, ఆ తలుపు నుంచే పోయేవాణ్ణి. అన్నం పొయ్యి పక్కన నిలబడి తినేవాణ్ణి. దగ్గొస్తే మింగేవాణ్ణి. దీనికంతటికీ కారణం మా మామగారు సిదాతి, వైద్యం కోసం ఎడారి నుంచి దిగి, మా ముందుగదిలో చాప పరుచుకుని కూర్చోవడమే.

మా ఎడారి జనంలో అల్లుడన్నవాడు మామ ఎదుట పడకూడదు. ఆయన ముందు కూర్చోకూడదు, తినకూడదు, మాట్లాడకూడదు, ముఖం చూపించకూడదు. ఇందులో పగా లేదు, కోపమూ లేదు. అది మర్యాద. ఎవడు ఎంత బాగా దాక్కుంటే వాడు అంత మర్యాదస్తుడు. ఆయన ఒంటెలతో తూర్పున, నేను రాజధాని నువాక్‌షోట్‌లో నీళ్ల ఆఫీసులో ఉన్నన్నాళ్లూ నా అంతటి మర్యాదస్తుడు దేశంలోనే లేడని అత్తవారి వైపు గొప్ప పేరుండేది. నాలుగు గదుల ఇంట్లో ఆ పేరు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆయనొచ్చిన మొదటి వారంలోనే తెలిసింది. ఒకరోజు నేను స్నానాల గదిలోంచి వస్తుంటే ఆయన ఎదురొచ్చాడు. ఇద్దరమూ ఒకేసారి చెరో గోడవైపు తిరిగిపోయాం. ఆయన తన గోడ మీద తేలు పాకుతున్నట్టు తదేకంగా చూస్తున్నాడు. నేను నా గోడకు సున్నం సరిగ్గా పట్టిందా లేదా అని పరీక్షిస్తున్నాను. మా ఆవిడ తెక్బర్ వచ్చి, ఒంటికి చుట్టుకున్న మలహఫా కొంగు మధ్యలో అడ్డం పట్టి నన్ను దాటించేదాకా అలాగే నిలబడ్డాం.

"ఇద్దరు మగాళ్లను కాదు, ఇద్దరు కొత్త పెళ్లికూతుళ్లను ఇంట్లో పెట్టుకున్నాను" అంది తెక్బర్.

ఆయనకు వచ్చింది చక్కెర జబ్బు. ఆస్పత్రికి కారు తోలింది నేనే. ఆయనా తెక్బరూ వెనక సీట్లో, నేను ముఖానికి తలపాగా చుట్టుకుని ముందు సీట్లో, కిరాయి డ్రైవరులా. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో కిటికీ అవతల నిలబడి విన్నాను. డాక్టరమ్మ టునిస్‌లో చదివొచ్చిన చిన్నపిల్ల. మొహమాటమన్నది ఎరగదు.

"రోజూ సాయంత్రం చెమట పట్టేదాకా నడవాలి తాతా."

"పుట్టిన దగ్గర్నుంచీ నడుస్తూనే ఉన్నానమ్మా. కూర్చోవడం ఈ ఊరొచ్చాకే నేర్చుకున్నాను."

"అయితే ఈ ఊళ్లోనే నడువు. చక్కెర దిగిందా, వానల నాటికి నీ ఒంటెల దగ్గరికి పంపించేస్తాను. దిగలేదా, ఇక్కడే ఉండాలి. ఆస్పత్రి లేని చోట నువ్వు కళ్లు తిరిగి పడిపోతే సూది ఎవరు వేస్తారు, నీ ఒంటె వేస్తుందా?"

తిరుగు దారిలో తెక్బర్ కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్క వానాకాలం కూడా ఒంటెలకు దూరంగా గడపలేదు. మొదటి వాన పడి ఇసుక మీద పచ్చిక మొలిచే వేళకు మందలో ఆయన లేకపోవడమంటే, మాకు రంజాను నెల రాకుండా పోవడం లాంటిది. చక్కెర దిగాలి, వానలు పడేలోగా దిగాలి. ఆ ఎండాకాలం మా ఇంట్లో ఇంకో మాట లేదు.

మర్నాడు సాయంత్రమే ఆయన కర్ర పుచ్చుకుని బయల్దేరాడు. చీకటి పడ్డా రాలేదు. చివరికి నీళ్ల డ్రమ్ముల గాడిద బండి మీద కూర్చుని, బండివాడితో వాడి గాడిద పళ్ల గురించి మాట్లాడుకుంటూ వచ్చాడు.

"ఎక్కడికెళ్లావు నాన్నా?" అని తెక్బర్ అరిచింది.

"తిన్నగా."

"తిన్నగా అంటే?"

"తిన్నగా అంటే తిన్నగానే తల్లీ. పొద్దు గూకే వైపు. దారిలో గోడలొచ్చాయి. గేటు తీసి లోపలికెళ్లాను, అవతల గేటులోంచి బయటికొచ్చాను. ఒకళ్లు మజ్జిగిచ్చారు. ఒకళ్లు కుక్కను వదిలారు. ఎవరి స్తోమత వాళ్లది."

ఆ రాత్రి వంటింట్లో నాకు శిక్ష పడింది. "రేపట్నుంచి నువ్వు ఆయన వెనక నడవాలి" అంది తెక్బర్.

"నేనా? ఆయన వెనక్కి తిరిగి చూస్తే?"

"దేవుడు నీకు ఎనిమిది మీటర్ల తలపాగా ఎందుకిచ్చాడు? కళ్లు తప్ప ఏమీ కనబడకుండా చుట్టుకో. దూరంగా నడువు. నువ్వెవరో ఆయనకు తెలియకూడదు."

అందుకని బజారుకెళ్లి కొత్త తలపాగా కొన్నాను. నా పాత తెల్లవి ఆయన తాడు మీద ఆరేసి ఉండగా చూసుంటాడు కదా. ఇది ముదురు నీలం, నిగనిగలాడేది. చుట్టుకుని అద్దంలో చూసుకుంటే నన్ను నేనే పోల్చుకోలేకపోయాను. తెలివైనవాణ్ణే అనుకుని సంతోషించాను.

నేను ఈ ఊళ్లోనే పుట్టాను. అయినా ఈ ఊళ్లో నడవడమంటే ఏమిటో అంతవరకూ తెలియదు. ఇంటి నుంచి కారు, కారు నుంచి ఆఫీసు, ఆఫీసులో ఫ్యాను కింద టీ. మామగారి వెనక ఆ ఎండాకాలంలో నేను చూసిన ఊరు వేరు. తారు రోడ్డు ఎక్కడ ఆగిపోయి ఇసుక మొదలవుతుందో, ఏ సందులో ఇసుక మోకాలి దాకా వచ్చి కిటికీలు పూడ్చేసిందో, ఏ మసీదు గోడ నీడ సాయంత్రం ఎంత దూరం పడుతుందో నా అరికాళ్లకు తెలిసింది. మా ఊళ్లో వీధులకు పేర్లుండవు. కోళ్ల దుకాణం వెనక, ఆకుపచ్చ గేటు పక్క అని చెప్పుకుంటాం. మామగారికి అది నచ్చలేదు. ఎడారిలో ప్రతి దిబ్బకూ పేరుంటుంది, ఇన్ని లక్షల మంది ఉన్న చోట పేర్లు లేకపోవడమేమిటని తనే పెట్టుకుంటూ పోయాడు. మేకలు అట్టపెట్టెలు తినే మైదానం మేకల విందు అయింది. పాత ఫ్రిజ్‌లు అమ్మే వరస చల్లబావులు అయింది. కార్లు హారన్లు కొట్టుకుంటూ తిరిగే పెద్ద కూడలికి వెర్రివాళ్ల గుండం అని పేరు. వారం తిరిగేసరికి తెక్బర్ కూడా ఫోన్లో చెల్లెలితో "మేకల విందు దాటి ఎడమకు రా" అని చెప్పడం విన్నాను.

ఆయన చులాగ్గా నడిచేవాడు. డెబ్బై దాటిన మనిషి, ఇసుకలో ఎక్కడా కాలు దిగబడదు. నాకు చీలమండల దాకా దిగబడేది. నాది ఆఫీసు ఒళ్లు. తలపాగా లోపల నా ఆయాసం నాకే పెద్ద రొదలా వినిపించేది. గొంతు ఊరికే ఎండిపోయేది. సీసాల కొద్దీ నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. ఎండలు మరి, అనుకునేవాణ్ణి.

అసలు చిక్కు నడకలో కాదు, నడక మధ్యలో వచ్చింది. ఆయన ఉన్నట్టుండి ఎవరో ఒకరి ఇంట్లోకి దూరేవాడు. మొదట అరఫాత్ పేటలో బెద్దీ ఇల్లు. బెద్దీ బట్టల వ్యాపారి, మామగారి మేనత్త కొడుకు. ఆ తర్వాత పాత క్సార్ పేటలో ఒకప్పటి పొరుగు గుడారం వాళ్లు. ఆ తర్వాత ఎవరి పెళ్లిలోనో ఒకసారి కలిసినవాళ్లు. తూర్పు నుంచి వచ్చి ఈ ఊళ్లో గోడ కట్టుకున్న ప్రతివాడూ ఆయనకు ఏదో ఒక వరస. వెళ్లినవాణ్ణి టీ తాగకుండా పంపరు. టీ అంటే మూడు గ్లాసులు. మూడోది తాగకుండా లేవడమంటే ఇంటివాళ్ల ముఖాన ఉమ్మినట్టే. ఆ టీలో ఆకెంతో చక్కెర అంత, చక్కెర ఎంతో పుదీనా అంత. నురగ పొంగేదాకా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పోస్తూనే ఉంటారు. ఆ చప్పుడు వింటూ నేను బయట గోడ కింద కూర్చునేవాణ్ణి.

కాసేపటికి ఇంటివాళ్లెవరో బయటికొచ్చేవారు. "ఏమయ్యా బాటసారీ, ఒక గ్లాసు మిగిలిపోయింది. పారబోయడమెందుకు, తాగు" అని చేతికిచ్చేవారు. బెద్దీ ఇంట్లో ఇలాగే, క్సార్‌లో ఇలాగే, అందరి ఇళ్లలోనూ ఇలాగే. మా వాళ్ల ధర్మబుద్ధికి మురిసిపోయి తాగేసేవాణ్ణి. ముఖం చూపించకూడదు కాబట్టి తలపాగా కిందినుంచి గ్లాసు దూర్చుకుని తాగేవాణ్ణి.

నెల తిరిగాక చక్కెర చూపిస్తే పెరిగింది.

"నడుస్తున్నావా లేదా తాతా?" అని డాక్టరమ్మ గద్దించింది.

"నా చెప్పుల్ని అడుగమ్మా. అడుగు అరిగిపోయింది."

"మరి చక్కెర ఎందుకు పెరిగింది? ఇలాగైతే వానలకు వెళ్లడం మర్చిపో."

ఇంటికొచ్చాక తెక్బర్ నా మీద పడింది. "నువ్వు నిజంగా వెనక వెళ్తున్నావా, లేక ఎక్కడో కూర్చుని వస్తున్నావా? నిజం చెప్పు. మా నాన్న దారిలో ఏమైనా తింటున్నాడా?"

ఏం చెప్పను? మామ నోట్లో ఏం పోసుకున్నాడో అల్లుడు బయటపెట్టడమంటే, మాలో అంతకంటే సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. చెప్పకపోతే ఆయనకు ఒంటెల్లేవు. రాత్రంతా దొర్లి దొర్లి ఒక ఉపాయం పన్నాను. తూర్పువాళ్లు ఒక్కరూ లేని వైపుకు ఆయన్ను మళ్లించాలి. మా ఎడారి జనం చేపల వాసన భరించలేరు. చేపల రేవులో ఆయనకు టీ పోసే బంధువు దొరకడు.

"సముద్రపు గాలి చక్కెరకు మంచిదట. ఆఫీసులో అనుకుంటున్నారు" అన్నాను తెక్బర్‌తో. ఆవిడ వెళ్లి ముందుగదిలో అదే మాట డాక్టరమ్మ చెప్పినట్టుగా చెప్పింది. మా ఇంట్లో ఎవరూ అబద్ధం ఒక చేయి మారకుండా చెప్పరు.

సెబ్ఖా పేట దాటి, ఎల్ మీనా పేట సందులు దాటి సముద్రం చూశాం. నేను చూడటం మామూలే. ఆయన చూడటం అదే మొదలు. కర్ర ఇసుకలో గుచ్చి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. రంగు రంగుల పడవలు ఒడ్డుకు లాగుతున్నారు. జనం, కేకలు, ఐసు, రక్తం.

"ఇన్ని నీళ్లు. ఒక్క ఒంటె తాగడానికి పనికిరావు. వృథా" అని పక్కనున్న జాలరితో అన్నాడు. ఆ జాలరికి మా భాష వచ్చో రాకో తల ఊపాడు.

నేను చేపల బుట్టల వెనక నక్కి నక్కి చూస్తున్నాను. అప్పుడు నా భుజం మీద తడిగా, బరువుగా ఏదో పడింది. తిరిగి చూస్తే ఒక చేప. దాని తోక పట్టుకుని ఒక ఆడమనిషి. పేరు కుంబా అని తర్వాత తెలిసింది, ఎండుచేపల బేరం చేసే మనిషి.

"ఎవడ్రా నువ్వు? ఇందాకట్నుంచీ చూస్తున్నాను. ఆ ముసలాయన ఆగితే ఆగుతావు, కదిలితే కదులుతావు. ముఖం ఎందుకు కప్పుకున్నావు? జేబులు కొట్టేవాడివా?"

"కాదమ్మా, కాదు..."

"అయితే ముఖం విప్పు!"

అంతే, చుట్టూ జనం పోగైపోయారు. పడవలు లాగే కుర్రాళ్లు, ఐసు కొట్టేవాళ్లు, పనీపాటా లేనివాళ్లు. "విప్పు, విప్పు" అని అరుపులు. ఒకడు తలపాగా కొసను అప్పుడే పట్టుకున్నాడు. విప్పితే మామగారి ఎదుట, వేలమంది మధ్య, చేపల రేవులో నా ముఖం బయటపడుతుంది. విప్పకపోతే ఒళ్లు హూనమవుతుంది. హూనమైనా ఫరవాలేదనుకుని తలపాగాను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. కుంబా ఇంకొక్కటిచ్చింది. ఈసారి వీపు మీద.

మామగారు వచ్చాడు. మా దాకా వచ్చి, నా వైపు చూడకుండా సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

"వదలండమ్మా. దొంగ కాడు."

"నీకెలా తెలుసు తాతా? ఎవడో తెలుసా?"

"ఎవడో నాకేం తెలుసు? ముఖం కనబడితే కదా. కానీ దొంగైతే నా దగ్గర కొట్టేయడానికి ఏముంది, ఈ కర్ర తప్ప? ఊరు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక కర్ర కోసం నడిచే దొంగ ఎక్కడా ఉండడు. మధ్యలోనే టాక్సీ ఎక్కి ఇంటికి పోతాడు."

జనం నవ్వారు. కుంబా చేపను పరిశీలనగా చూసుకుంది. నాకు తగిలించడంలో దానికేమీ దెబ్బ తగల్లేదని తృప్తిపడి వెళ్లిపోయింది. మామగారు వెనక్కి చూడకుండా ఊరి వైపు నడక మొదలుపెట్టాడు. ఒళ్లంతా చేపల వాసనతో నేను దూరంగా వెనకే వెళ్లాను. తన వెనకే వస్తున్నానని ఎలా తెలిసింది, ఊరు ఆ చివర నుంచి అని ఎలా అన్నాడు అని ఒకటే గుబులు.

ఎల్ మీనా చివరికి వచ్చేసరికి తూర్పు ఆకాశం ఎర్రబడింది. చూస్తూండగానే దుమ్ము గోడలా లేచి మీదికొచ్చింది. మేకలు, బండ్లు, ఇళ్లు అన్నీ మాయమైపోయాయి. చేయి చాపితే చేయి కనబడదు. ఆయన ఎక్కడున్నాడో తెలియక ప్రాణం గిలగిలలాడింది. ఎదురుగాలికి తడుముకుంటూ వెళ్తే కాలికి కర్ర తగిలింది. గాలికి వీపు పెట్టి, తలపాగా కళ్ల మీదికి లాక్కుని, ఎడారిలో లాగే కింద కూర్చుని ఉన్నాడాయన. మర్యాద గుర్తొచ్చి వెనక్కి అడుగేయబోయాను.

"ఎవరు నాయనా?" అన్నాడు.

గొంతు మార్చాను. "దారిన పోయేవాణ్ణి తాతా."

"కూర్చో. ఈ గాలిలో ఎక్కడికి పోతావు. ఏ వైపు మనిషివి?"

"ఉత్తరం వైపు" అని అబద్ధమాడాను.

"ఉత్తరంవాళ్లు మంచివాళ్లు. మా అల్లుడివాళ్లది దక్షిణం."

"వాళ్లు మంచివాళ్లు కారా?"

"మంచివాళ్లే. కాస్త లావు."

దుమ్ములో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన ముఖం నాకు కనబడదు, నా ముఖం ఆయనకు కనబడదు. ప్రపంచంలో ఎవరి ముఖమూ ఎవరికీ కనబడదు. ఎవరి మర్యాదకూ భంగం లేదు.

"మా అల్లుణ్ణి నువ్వెరుగుదువేమో" అన్నాడు కాసేపటికి. "నీళ్ల ఆఫీసులో పని. యర్బా అని."

"పేరు విన్నాను."

"ఈ ఎండాకాలమంతా నా వెనకే నడుస్తున్నాడు పాపం. ముఖానికి కొత్త నీలం తలపాగా చుట్టాడు. చెమటకు ఆ రంగు ఊడి మెడంతా నీలమైంది. ఊరంతా చూసి నవ్వుతోంది. నేనొక్కణ్ణే చూడనట్టు నడవాలి. అదెంత కష్టమో నీకేం తెలుసు నాయనా!"

నేను మెడ తడుముకున్నాను. "కష్టమే తాతా."

"పైగా వెనక ఆ ఆయాసం. నీళ్ల బండి లాగే గాడిదకు కూడా అంత ఆయాసం ఉండదు. వీడు ఎక్కడో పడిపోతాడు, నా కూతురి కొంప మునిగిపోతుంది అని నాకు ఒకటే భయం. నేను ఆగితే గాని తను ఆగడు. నడిరోడ్డు మీద ఊరికే ఆగితే తన కోసమే ఆగానని తెలిసిపోతుంది, సిగ్గుతో చస్తాడు. అందుకని కనబడిన ఇంట్లోకల్లా దూరేవాణ్ణి. సగం మంది ఎవరో కూడా నాకు తెలియదు. బయట గోడ కింద మా అల్లుడున్నాడు, మిగిలిందని చెప్పి ఒక గ్లాసు ఇవ్వండి, నేను చెప్పానని మాత్రం చెప్పకండి అని వాళ్లను బతిమాలేవాణ్ణి."

నెల రోజులు గోడ కింద కూర్చుని ఈ ముసలాయన టీ యావ చూసి లోలోపల విసుక్కున్నాను. ఆయన లోపల కూర్చుని నా కోసం, తనకు విషమైన దాన్ని, గ్లాసు మీద గ్లాసు తాగుతున్నాడు. కళ్లు మండాయి. ఇసుక వల్ల అనుకోవచ్చు, కానీ కాదు.

"తాతా, ఆ యర్బా నాకు కొంచెం పరిచయమే" అన్నాను చివరికి. "నువ్వు టీ మీద ఆశతోనే ఇళ్లలో దూరుతున్నావని అతను అనుకుంటున్నాడు."

ఆయన తలపాగా లోపల్నుంచి నవ్వు వినిపించింది. "మూడో గ్లాసు మాత్రం నా కోసమే తాగాన్లే."

"నువ్వు ఆగకుండా నడిస్తే తనూ నడుస్తానన్నాడు."

"చస్తాడు."

"చావడు. అతని తరఫున నేను మాటిస్తున్నాను."

"ఉత్తరంవాళ్ల మాట మీద నమ్మకం పెట్టుకోవచ్చు" అంటూ లేచాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. ఎండిన తోలులా గరుగ్గా ఉంది ఆ చేయి. ఒంటెను ముకుతాడు పట్టి నడిపించినట్టు ఆ దుమ్ములోంచి నన్ను నడిపించుకుంటూ వెళ్లాడు. ఈ ఊళ్లో పుట్టినవాణ్ణి నేను, దారి చూపించింది ఆయన. చల్లబావులు దాటాం, మేకల విందు దాటాం. మా వీధి మొదట్లో చేయి వదిలేశాడు.

"ఇక నీ దారిన నువ్వు వెళ్లు నాయనా. ఇంట్లో నీవాళ్లు ఎదురుచూస్తుంటారు."

చుట్టూ తిరిగి వంటింటి తలుపులోంచి దూరాను. తెక్బర్ ముక్కు మూసుకుంది. "ఏమిటీ వాసన? నాన్నను గాలికొదిలేసి చేపలు పట్టడానికెళ్లావా?"

ముందుగదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "ఎవరో ఉత్తరాది మనిషి పాపం సాయం వచ్చాడమ్మా. నీ మొగుడు ఎక్కడున్నాడో ఏమో, అడగవద్దులే."

ఆ మర్నాటి నుంచి మేం ఆగలేదు. ఆయన ముందు, నేను వెనక. తుజునీన్ దిబ్బల దాకా, పాత విమానాశ్రయం గోడ వెంట, ఉప్పునేల మీదుగా సముద్రం దాకా. బెద్దీ గుమ్మంలో నిలబడి "అలిగారా ఏమిటి? టీ చల్లారిపోతోంది" అని కేకలేస్తే మామగారు చేయి ఊపి సాగిపోయేవాడు. నేనూ చేయి ఊపేవాణ్ణి. చేపల రేవులో కుంబా నన్ను చూసి కొత్తగా తెచ్చిన చేప ఎత్తి చూపించి నవ్వేది. మొదటి రోజుల్లో నిజంగానే చస్తాననుకున్నాను. తర్వాత అలవాటైంది. దాహం మాత్రం తగ్గలేదు.

తూర్పున మొదటి వాన పడిందని రేడియోలో చెప్పిన రోజే ఆస్పత్రికెళ్లాం. ఆ వార్త విన్నప్పటి నుంచి మామగారు అన్నం ముట్టలేదు. నేను వరండాలో నీళ్ల కుండ దగ్గర నిలబడ్డాను. లోపల డాక్టరమ్మ కాగితం చూసి అరిచింది. "తాతా! నువ్వు మాయచేశావు. దిగింది. బాగా దిగింది. వెళ్లు, నీ ఒంటెల దగ్గరికి వెళ్లు. ఈ మాత్రలు మాత్రం మానకు."

తెక్బర్ ఏడ్చేసింది. నేను వరండాలో ఎవరూ చూడకుండా ఒక చిన్న గంతు వేసి, ఇంకో చెంబు నీళ్లు తాగాను. డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి నన్నే చూస్తోంది.

"ఇది ఎన్నో చెంబు? కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కుండ ఖాళీ చేశావు. ఎవరు నువ్వు, డ్రైవరువా? ఇలా రా."

వేలికి సూది గుచ్చింది. యంత్రం వైపు చూసి, లోపలికీ బయటికీ వీధికీ వినిపించేలా చెప్పింది. "బాగుంది! ముసలాయన మొదటి రోజు వచ్చినప్పటికంటే నీకే చక్కెర ఎక్కువుంది. ఏం తింటున్నావయ్యా నువ్వు?"

లోపల మామగారి కర్ర చప్పుడు ఆగిపోయింది.

మర్నాటి ఉదయం పికప్ వచ్చి ఇంటి ముందు ఆగింది. బియ్యం బస్తా, నీళ్ల తోలుసంచులు, కొత్త తాళ్లు, అన్నీ ఎక్కించారు. మామగారు ముందు సీట్లో కూర్చున్నాడు. వంటింటి తలుపు సందులోంచి నేను చూస్తున్నాను. గడ్డం దువ్వుకున్నాడు, ఉతికిన అంగీ వేసుకున్నాడు, పెళ్లికొడుకులా ఉన్నాడు. డ్రైవరు బండి స్టార్టు చేశాడు. తెక్బర్ దీవెనలన్నీ చెప్పడం అయిపోయింది. బండి కదల్లేదు. తలుపు తెరుచుకుంది. ఆయన దిగాడు.

"ఏమిటి నాన్నా, ఏం మర్చిపోయావు?"

"ఏమీ లేదమ్మా. కాస్త ఆలోచించాను. ఒంటెలకు కాళ్లున్నాయి, వాటంతటవే నడుస్తాయి. మా తమ్ముడి కొడుకులున్నారు, పాలు పితుకుతారు." డ్రైవరు వైపు తిరిగాడు. "సామానంతా వాళ్లకివ్వు. గడ్డి బాగా మొలిస్తే ఫోను చేయించు. ఊరికే వినడానికి."

"నాన్నా! ఈ రోజు కోసమే కదా ఎండాకాలమంతా..."

"వెనక ఎవరైనా నడవకపోతే కొందరు నడవరమ్మా" అన్నాడు ముందుగదిలోకి పోతూ. "మొదటి ఇంట్లోనే కూర్చుండిపోతారు."

పికప్ దుమ్ము రేపుకుంటూ తూర్పుకు వెళ్లిపోయింది. అది కనుమరుగయ్యేదాకా తెక్బర్ గుమ్మంలోనే నిలబడింది. నేను వంటింట్లో గోడకు చేరగిలబడి ఏడ్చాను. ఈసారి మెల్లగా ఏడవాలన్న మర్యాద కూడా గుర్తుకు రాలేదు.

ఆ సాయంత్రం నేను ముందు బయల్దేరాను. వెనక్కి చూడలేదు, చూడకూడదు. కొంత దూరం పోయాక ఇసుకలో కర్ర చప్పుడు వినిపించింది. నేను వేగం పెంచితే అదీ పెరిగింది. అరఫాత్‌లో బెద్దీ గుమ్మంలోనే ఉన్నాడు.

"యర్బా! ఇవాళైనా లోపలికి రావయ్యా. ఇప్పుడే నురగ పొంగింది. వెనక ముఖం కప్పుకుని ఎవరో వస్తున్నారు, ఎవరాయన?"

"ఎవరో తూర్పువైపు పెద్దాయన. నాకు తెలియదు" అన్నాను ఆగకుండానే. "నేను లోపలికొస్తే పాపం ఆయన ఎండలో నిలబడాల్సొస్తుంది."